తలంబ్రాల దగ్గరే వీడియో ఎందుకు ఆగింది?

పెళ్లయిన రెండు నెలలకు వీడియోగ్రాఫర్ హార్డ్‌డిస్క్ తెచ్చి ఇచ్చాడు. మూడు గంటల పెళ్లి, ఫుల్ హెచ్‌డీలో. ఆదివారం సాయంత్రం చుట్టాలంతా హాల్లో చేరారు. వీడియో ఉన్న కంప్యూటర్ పడకగదిలో బల్ల మీద ఉంది. హాల్లో టీవీ కింద అరలో, ఇంటి కుర్రాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ప్లేస్టేషన్ 3 ఉంది. గేములాడే ఆ పెట్టె పక్క గదిలోని కంప్యూటర్ నుంచి వీడియోను వైఫై మీదుగా తెచ్చుకుని టీవీలో చూపించగలదని వాడికి తెలుసు. మధ్యాహ్నం ఒకసారి పెట్టి చూశాడు కూడా. పది నిమిషాలు ఎక్కడా ఆగకుండా ఆడింది.

సాయంత్రం అసలు షో మొదలైంది. స్నాతకం, కాశీయాత్ర, గౌరీపూజ సాఫీగా సాగాయి. జీలకర్ర బెల్లం అయింది, మాంగల్యధారణ అయింది. తలంబ్రాలు వచ్చాయి. వధూవరులు దోసిళ్లతో పసుపు బియ్యం ఎత్తి ఒకరి తల మీద ఒకరు పోసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే బొమ్మ ఆగిపోయింది. రెండు క్షణాలు కదిలింది, మళ్లీ ఆగింది.

"ఏమైందిరా?" అని అడిగింది అమ్మమ్మ.

"నెట్ స్లోగా ఉంది అమ్మమ్మా" అన్నాడు కుర్రాడు.

ఇది ఊహించిన ఇల్లే అయినా, ఇలాంటి సాయంత్రం చాలా ఇళ్లకు పరిచయమే. కుర్రాడి జవాబు కూడా పరిచయమైనదే, కాకపోతే అది తప్పు. ఈ వీడియోకూ ఇంటర్నెట్‌కూ సంబంధమే లేదు. రూటర్ వెనక ఉన్న ఇంటర్నెట్ తీగను పీకేసినా ఇది ఇలాగే ఆడుతుంది, ఇలాగే ఆగుతుంది. వీడియో చేస్తున్న ప్రయాణమంతా ఆ ఇంటి నాలుగు గోడల మధ్యే, మహా అయితే ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగుల్లో ఏం జరిగింది? ముహూర్తం చూసుకున్నట్టు తలంబ్రాల దగ్గరే ఎందుకు జరిగింది?

పదమూడు లక్షల కోట్ల బిట్లు

ముందు లెక్క చూద్దాం. ఫుల్ హెచ్‌డీ తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. మొత్తం 20,73,600. ఒక్కో చుక్క రంగును చెప్పడానికి 24 బిట్లు కావాలి. మన దగ్గర పెళ్లి వీడియోలు ఎక్కువగా సెకనుకు 25 ఫ్రేములతో ఉంటాయి. ఈ మూడింటినీ గుణిస్తే సెకనుకు 124 కోట్ల బిట్లు, అంటే 1,244 మెగాబిట్లు. మూడు గంటల పెళ్లికి సుమారు 13.4 లక్షల కోట్ల బిట్లు. ఏమీ కుదించకుండా దాచుకోవాలంటే ఒక్క పెళ్లికే 1.68 టెరాబైట్ల డిస్క్ కావాలి.

వీడియోగ్రాఫర్ ఇచ్చిన ఫైల్ మాత్రం సుమారు 11 గిగాబైట్లే. సగటున సెకనుకు 8 మెగాబిట్లు. అంటే దాదాపు 155 వంతుల్లో ఒక వంతే మిగిలింది, మిగతాదంతా పోయింది. పోయినా పెళ్లికూతురి ముక్కుపుడక కనిపిస్తూనే ఉంది. ఈ కుదింపు లేకపోతే కంప్యూటర్ నుంచి కన్సోల్‌కు హెచ్‌డీ వీడియో పంపడమనే ఆలోచనే ఎవరికీ వచ్చేది కాదు.

కుదింపులో మొదటి మెట్టు కంటి బలహీనత మీద ఆధారపడింది. మన కన్ను వెలుగు నీడల తేడాలను పట్టుకున్నంత సూక్ష్మంగా రంగుల తేడాలను పట్టుకోలేదు. అందుకే వెలుగు సమాచారాన్ని ప్రతి చుక్కకూ ఉంచి, రంగు సమాచారాన్ని నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున ఉంచుతారు. ఈ ఒక్క పనితోనే 1,244 మెగాబిట్లు 622కు దిగుతాయి. చూసేవారికి తేడా తెలియదు.

రెండో మెట్టు వెనక ఒక కథ ఉంది, దానిలో మనవాళ్లు ఉన్నారు.

'మరీ తేలిక' అని పక్కన పెట్టిన ఆలోచన

బెంగళూరులో 1940లో పుట్టిన నాసిర్ అహ్మద్ అప్పట్లో అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ ఆచార్యుడిగా ఉండేవారు. బొమ్మల్లోని సమాచారాన్ని తక్కువ అంకెల్లో ఇమిడ్చేందుకు కొసైన్ తరంగాలను వాడొచ్చని ఆయనకు తట్టింది. 1972లో అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు పరిశోధన నిధుల కోసం దరఖాస్తు చేశారు. దరఖాస్తు తిరస్కరణకు గురైంది. ఆలోచన మరీ తేలికగా ఉందన్నది సమీక్షకుల్లో ఒకరి అభ్యంతరం. అహ్మద్ దాన్ని వదల్లేదు. 1973 వేసవిలో నిధులు లేకుండానే దాని మీద కూర్చున్నారు. ఆయన వద్ద డాక్టరేట్ చేస్తున్న టి. నటరాజన్, ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కె.ఆర్. రావు తోడయ్యారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో నాలుగు పేజీలైనా నిండని పత్రం వెలువడింది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ, అలా లోకానికి తెలిసింది.

కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో 1952లో పట్టా పుచ్చుకున్నారు. తరువాత దశాబ్దాల పాటు ఆర్లింగ్టన్‌లోనే పాఠాలు చెప్పారు. 2021లో కన్నుమూశారు. ఫోన్‌లో జేపీఈజీ ఫొటో తెరిచిన ప్రతిసారీ ఈ ముగ్గురి లెక్క నడుస్తుంది. ఆ సంగతి మన ఇంజినీరింగ్ విద్యార్థుల్లోనే ఎంతమందికి తెలుసో సందేహం.

ఇంతకీ డీసీటీ చేసేదేమిటి? హార్మోనియం మీద నాలుగు మెట్లు ఒకేసారి నొక్కితే వచ్చే ధ్వనిని విని, సంగీతం తెలిసినవారు అందులో ఏయే స్వరాలు ఎంతెంత ఉన్నాయో విడదీసి చెప్పగలరు. డీసీటీ బొమ్మకు ఆ పనే చేస్తుంది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా, ఉదాహరణకు 8 అడ్డం 8 నిలువు చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని 64 చుక్కల అంకెలను తీసి, వాటి బదులు వేరే 64 అంకెలు రాస్తుంది. గడి మొత్తం సగటు వెలుగు ఎంత, మెల్లగా మారే చారలు ఎన్ని పాళ్లు, గబగబా మారే సన్న చారలు ఎన్ని పాళ్లు అన్నది ఆ అంకెలు చెబుతాయి.

అంకెల సంఖ్య తగ్గలేదు కదా, లాభమేమిటి అనిపించవచ్చు. లాభం ఇక్కడుంది: పెళ్లి పందిరి వెనక తెర, పెళ్లికొడుకు తెల్లచొక్కా, ఆకాశం వంటి చోట్ల మొదటి ఐదారు అంకెలే పెద్దవి. మిగతావి సున్నాకు దగ్గరగా ఉంటాయి. వాటిని సున్నాలే అనేసుకుంటే కన్ను పసిగట్టదు. 'ఇక్కడి నుంచి చివరిదాకా సున్నాలే' అని రాయడానికి కొద్ది బిట్లు చాలు. నిజానికి కుదింపులో నష్టం జరిగేది ఈ గుండ్రం చేసే దగ్గరే. పట్టుచీర జరీ అంచు సన్న చారల పుట్ట, అక్కడ అంకెలు సున్నాలు కావు. మరీ గట్టిగా కుదించిన పెళ్లి వీడియోల్లో జరీ అలుక్కుపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే.

పెళ్లి వీడియోలో ఉన్నది 2003లో ఖరారైన హెచ్.264 పద్ధతి. డీసీటీకి దగ్గరగా ఉండే, పూర్ణాంకాలతోనే నడిచే రూపాన్ని అది వాడుతుంది.

బియ్యం గింజలు మాట వినవు

అసలు పెద్ద ఆదా మూడో మెట్టులో ఉంది. పురోహితుడు మంత్రం చదువుతున్నాడు, వధూవరులు పీటల మీద కదలకుండా కూర్చున్నారు. ఈ ఫ్రేముకూ ముందు ఫ్రేముకూ తేడా ఎంత? పురోహితుడి పెదవులు, విసనకర్ర, హోమం పొగ. మిగతా పందిరంతా అదే. అలాంటప్పుడు ఫ్రేము మొత్తాన్ని మళ్లీ మళ్లీ రాయడం దేనికి? అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేము రాసి, ఆ మధ్యలోని వాటికి తేడాలు మాత్రమే రాస్తే సరిపోతుంది.

కదిలే వస్తువులకూ ఒక ఉపాయం ఉంది. పెళ్లికూతురి మేనమామ ఎడమ నుంచి కుడికి నడిచాడనుకోండి. ఆయన్ను కొత్తగా గీయనక్కర్లేదు. 'ముందు ఫ్రేములో అక్కడున్న ముక్కను పన్నెండు చుక్కలు కుడికి జరుపు' అని చెబితే చాలు. హెచ్.264 ఎన్‌కోడర్ సమయంలో ఎక్కువ భాగం ఇలా ఏ ముక్క ఎటు జరిగిందో వెతకడానికే పోతుంది.

ఇప్పుడు తలంబ్రాలు. దోసిలి నుంచి వందల గింజలు ఒకేసారి జారుతున్నాయి. ఒక్కోటి ఒక్కో దిక్కుకు, ఒక్కో వేగంతో. తలకు తగిలి ఎగిరేవి కొన్ని, దొర్లేవి కొన్ని, ఒకదాని వెనక ఒకటి దాగేవి కొన్ని. పైన చుట్టాలు చల్లే అక్షతలు, పూలరేకులు. కెమెరా ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ ఫ్రేము మొత్తం వెలుగు మారిపోతుంది. 'ముందు ఫ్రేములో ఉన్నదాన్ని జరుపు' అనే సూత్రం ఇక్కడ చతికిలబడుతుంది. గింజలు చిన్నవి, అంచులు పదునైనవి, కాబట్టి డీసీటీలో సన్న చారల అంకెలూ పెద్దవే. రెండు ఉపాయాలూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. సినిమాల్లో వాన పాటలకూ, రంగులు చల్లుకునే దృశ్యాలకూ ఇదే తంటా.

నాణ్యత చెడకుండా ఉండాలంటే ఎన్‌కోడర్ ఇలాంటి చోట బిట్లు ఎక్కువ ఖర్చు చేయాలి. మంత్రాల దగ్గర సెకనుకు 4 మెగాబిట్లతో సరిపెట్టిన ఫైల్, తలంబ్రాల దగ్గర 18కి, 20కి ఎగబాకవచ్చు. సగటు ఎనిమిదే. కానీ దారిలో ఇరుక్కునేది సగటు కాదు. కుర్రాడు మధ్యాహ్నం చూసిన పది నిమిషాలూ ఫైల్ మొదట్లోనివి, తీరిగ్గా సాగే స్నాతకం. పరీక్ష పాసయ్యాడు గానీ కష్టమైన ప్రశ్న రానేలేదు.

గాలిలో రెండుసార్లు

ప్లేస్టేషన్ 3లోని వైఫై 802.11జీ రకం. పెట్టె మీద రాసే వేగం సెకనుకు 54 మెగాబిట్లు. ఇరవై కావాలి, యాభై నాలుగు ఉన్నాయి, ఇంకేం అనిపిస్తుంది. ఈ 54 కాగితం మీది అంకె. వైఫై రేడియో మాట్లాడేముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో వినాలి. కాసేపు ఆగాలి. ఒక ప్యాకెట్ పంపాలి. అవతలివారు 'అందింది' అనేదాకా చూడాలి. అనకపోతే మళ్లీ పంపాలి. ఈ మర్యాదలన్నీ పోను అసలు సమాచారానికి మిగిలేది సుమారు 20 మెగాబిట్లు, అదీ అంతా బాగున్నప్పుడు.

ఇంకో మెలిక చాలామంది గమనించరు. కంప్యూటర్ వైఫై మీద ఉంది, కన్సోల్ కూడా వైఫై మీదే ఉంది. అవి నేరుగా మాట్లాడుకోవు, మధ్యలో రూటర్ ఉంటుంది. ప్రతి ప్యాకెట్ కంప్యూటర్ నుంచి రూటర్‌కు ఒకసారి, రూటర్ నుంచి కన్సోల్‌కు ఇంకోసారి గాలిలో ప్రయాణించాలి. రెండూ ఒకే ఛానల్. ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరు ఆగాల్సిందే. కాబట్టి ఇరవై కాస్తా పదే అవుతుంది.

మిగిలిన నష్టం హాల్లో కూర్చున్నవారి వల్ల. ఇది హాస్యం కాదు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు. ఈ తరంగాల శక్తిని నీరు పీల్చుకుంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది ఈ పౌనఃపున్యం చుట్టుపక్కలే. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న హాలుకూ, సాయంత్రం ముప్పై మంది కూర్చున్న హాలుకూ రేడియో దృష్టిలో చాలా తేడా ఉంది. దానికి తోడు ఆ ముప్పై మంది జేబుల్లోని ఫోన్లలో సగం ఇంటి వైఫైకి తగులుకుని అదే గాలిలో వాటా అడుగుతుంటాయి. పైఅంతస్తు వాళ్ల రూటర్ కూడా అదే ఛానల్‌లో ఉంటే సరేసరి.

ఇనుప బీరువా సంగతి వేరు. అది తరంగాన్ని పీల్చదు, అద్దంలా వెనక్కి కొడుతుంది. నేరుగా వచ్చిన తరంగం, బీరువా నుంచి తిరిగొచ్చిన తరంగం రూటర్ దగ్గర కలిసి ఒకదాన్నొకటి రద్దు చేసుకోవచ్చు. కంప్యూటర్‌ను జానెడు పక్కకు జరిపితే సిగ్నల్ పెరగడం వెనక ఉన్న మాయ ఇదే. ఈ ప్రతిఫలనాలను రేడియో ఇంజినీర్లు చాలాకాలం శత్రువుల్లాగే చూశారు. భారత నౌకాదళంలో పనిచేసి స్టాన్‌ఫర్డ్‌లో స్థిరపడిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్ దాన్ని తిరగేశారు. తరంగాలు వేర్వేరు దారుల్లో వస్తున్నాయంటే, ఒక్కో దారిలో ఒక్కో సందేశం పంపవచ్చు కదా అన్నారు. థామస్ కైలాత్‌తో కలిసి 1992లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. అనేక యాంటెన్నాలతో పనిచేసే ఆ మైమో పద్ధతి 2009లో ఖరారైన 802.11ఎన్ వైఫైలో భాగమైంది. ఆ కొత్త రూటర్ ఇంట్లో ఉన్నా ప్లేస్టేషన్ 3కి ఒరిగేది తక్కువ, ఎందుకంటే దాని రేడియో పాతదే.

ఇప్పుడు కన్సోల్ జ్ఞాపకశక్తిని మిద్దె మీది నీళ్ల ట్యాంకుతో పోల్చవచ్చు. మోటారు సెకనుకు 10 చొప్పున నింపుతోంది, కుళాయి సగటున 8 చొప్పున వాడుతోంది. ట్యాంకు నిండుగానే ఉంటుంది. తలంబ్రాల దగ్గర కుళాయి 18కి తెరుచుకుంది. సెకనుకు 8 మెగాబిట్ల లోటు. ట్యాంకులో 80 మెగాబిట్లు నిల్వ ఉన్నా పది సెకన్లలో అడుగంటుతుంది. తలంబ్రాలు పది సెకన్లలో ముగిసే పెళ్లి ఎక్కడా ఉండదు.

దండోరా వేసే పెట్టె

కన్సోల్‌కు ఈ పని అసలెందుకు అప్పజెప్పారన్నదీ చెప్పుకోవాలి. 2005 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360, 2006 నవంబరులో ప్లేస్టేషన్ 3 విడుదలయ్యాయి. స్మార్ట్ టీవీలు ఇంకా ఇళ్లకు రాని రోజులవి. టీవీ పక్కనే ఉండి, హెచ్‌డీ బొమ్మ ఇవ్వగలిగి, నెట్‌వర్క్‌కు తగులుకుని, హెచ్.264ను క్షణంలో విప్పగల బలమున్న పెట్టె చాలా ఇళ్లలో ఇదొక్కటే. ప్లేస్టేషన్ 3లోని సెల్ ప్రాసెసర్ 3.2 గిగాహెర్ట్జ్‌ది. ఒక ప్రధాన కోర్ చుట్టూ పనిచేసే ఏడు సహాయక కోర్లు ఉన్నాయి. ఇలాంటి లెక్కలకు అది సరిగ్గా సరిపోయింది.

2007 మేలో వచ్చిన సాఫ్ట్‌వేర్ నవీకరణతో ప్లేస్టేషన్ 3 ఇంటి కంప్యూటర్‌లోని వీడియోలు చూపించడం మొదలుపెట్టింది. అందుకు వాడింది డీఎల్‌ఎన్‌ఏ ప్రమాణం. సోనీ సహా అనేక కంపెనీలు 2003లో పెట్టుకున్న ఒప్పందమిది. పనిచేసే తీరు సరదాగా ఉంటుంది. కన్సోల్ నెట్‌వర్క్‌లోకి రాగానే 239.255.255.250 అనే ఉమ్మడి చిరునామాకు దండోరా వేస్తుంది: ఇక్కడ వీడియోలు పంచేవారు ఎవరైనా ఉన్నారా? కంప్యూటర్‌లో నడుస్తున్న సర్వర్ ప్రోగ్రాం 'నేనున్నాను' అని తన వివరాలు పంపుతుంది. కన్సోల్ జాబితా అడుగుతుంది, ఫైల్ చిరునామా అడుగుతుంది, ఆపైన వెబ్ పేజీని తెచ్చుకున్నట్టే వీడియోను ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటుంది. కంప్యూటర్ వీడియోను 'పంపుతోంది' అంటాం గానీ, నిజానికి లాక్కునేది కన్సోలే.

కంప్యూటర్ కన్సోల్‌కు కనిపించడం లేదంటే తప్పు సాధారణంగా ఈ దండోరా దగ్గరే ఉంటుంది. కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్ ఆ పిలుపును అడ్డుకోవచ్చు. లేదా ఒక పరికరం ఇంకోదానికి కనబడకుండా చేసే గెస్ట్ నెట్‌వర్క్‌లో రెండిటిలో ఒకటి ఉండి ఉండవచ్చు. వీడియో ఫైల్‌ను ఎంత మార్చినా అప్పుడు ప్రయోజనం లేదు.

క్యారియర్ మార్చడం, వంట మళ్లీ చేయడం

ఈ పెళ్లి వీడియో ప్లేస్టేషన్ 3కి అర్థమయ్యే రూపంలో ఉండటం కుర్రాడి అదృష్టం. అర్థం కానివి చాలా ఉన్నాయి, దానికి కారణం సాంకేతికత కంటే వ్యాపారమే ఎక్కువ.

వీడియో ఫైల్‌ను టిఫిన్ క్యారియర్ అనుకోండి. ఒక గిన్నెలో బొమ్మ, ఒక గిన్నెలో ధ్వని, ఇంకో గిన్నెలో సబ్‌టైటిల్స్. ఎంపీ4, ఎంకేవీ, ఎంటీఎస్ అనేవి క్యారియర్ల పేర్లు. లోపలి బొమ్మ హెచ్.264 అయినా, క్యారియర్ తెలియనిదైతే కన్సోల్ మూతే తీయదు. 2002లో మొదలైన ఎంకేవీ అందరూ వాడుకోదగ్గ స్వేచ్ఛా రూపం. అయినా ఈ రెండు కన్సోల్స్‌లో దేనికీ అది చేతకాదు. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ కెమెరాల్లో బొమ్మ హెచ్.264, ధ్వని ఎక్కువగా డాల్బీ, క్యారియర్ ఎంటీఎస్. ప్లేస్టేషన్ 3 దాన్ని హాయిగా ఆడుతుంది. 2007లో హెచ్.264 నేర్చుకున్న ఎక్స్‌బాక్స్ 360కి మాత్రం ఎంపీ4లో, రెండు ఛానళ్ల ఏఏసీ ధ్వనితో కావాలి. ఒకరి ఇంట్లో పుట్టిన పాప కేరింతలు, సొంత కెమెరాతో తీసుకున్నవి, కొన్న పెట్టెలో ఆడవు. నేరం ఎవరిదీ కాదన్నట్టు తెర మీద 'ఈ రూపం పనికిరాదు' అన్న ఒక్క వాక్యం కనిపిస్తుంది. చట్టబద్ధంగా తమ సొంతమైన వీడియో విషయంలో ఇంత అవస్థ పెట్టడం వినియోగదారుడికి చేసిన అన్యాయమే.

దీనికి మందులు రెండు. క్యారియర్ ఒక్కటే తేడా అయితే వంటకాలను వేరే క్యారియర్‌లోకి మార్చుకుంటే చాలు. దీన్ని రీమక్సింగ్ అంటారు. బొమ్మలో ఒక్క చుక్క కూడా మారదు, పని నిమిషాల్లో అయిపోతుంది. ధ్వని ఒక్కటే కుదరకపోతే దాన్ని మాత్రం మార్చవచ్చు, అదీ తేలికే. బొమ్మ కోడెక్ కుదరనప్పుడు మాత్రం వంట మొత్తం మళ్లీ చేయాలి. అదే ట్రాన్స్‌కోడింగ్. పీఎస్3 మీడియా సర్వర్ వంటి ఉచిత ప్రోగ్రాములు కన్సోల్ అడిగినప్పుడే, ఆడుతూ ఉండగానే ఈ పని చేసిపెట్టేవి. ఆ ప్రోగ్రాముల వెనక ఉన్న ముఖ్యమైన ఇంజిన్లలో ఫాబ్రిస్ బెలార్డ్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఒకటి.

ఆడుతూ ఉండగా వండటంలో గడియారం నిర్దయగా ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. అంతలోపు పాత ఫ్రేమును విప్పాలి, కొత్తగా కుదించాలి. కంప్యూటర్‌కు 50 పట్టిందంటే మూడు గంటల పెళ్లిని వండటానికి మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. చూసేవారు ప్రతి కొద్ది సెకన్లకూ ఆగాల్సిందే. 2008 నాటి రెండు కోర్ల కంప్యూటర్లు ఇక్కడే చెమటలు కక్కాయి. 2011లో ఇంటెల్ ప్రాసెసర్లలో, 2012లో ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్‌లలో హెచ్.264 కుదింపుకే ప్రత్యేకమైన సర్క్యూట్లు వచ్చాక ఈ కష్టం చాలావరకు తీరింది. అయినా జెరాక్స్ కాపీని మళ్లీ జెరాక్స్ తీసినట్టు, ప్రతి వంటలోనూ బొమ్మ కొంత పోగొట్టుకుంటుంది. అక్కర్లేని చోట ట్రాన్స్‌కోడింగ్ జోలికి పోకపోవడమే మంచిది.

డీఎల్‌ఎన్‌ఏ సంస్థ 2017లో మూతపడింది. ప్లేస్టేషన్ 4 అయితే 2013లో ఈ సౌకర్యమే లేకుండా వచ్చింది, 2015లో గానీ ఒక ఆప్‌గా చేర్చలేదు. ఇప్పుడు ప్లెక్స్ వంటి ఆప్‌లు ఆ పని చేస్తున్నాయి. సెకనుకు సగం బిట్లతోనే అంతే నాణ్యత ఇవ్వడం లక్ష్యంగా 2013లో వచ్చిన హెచ్.265ను కొత్త పెట్టెలు విప్పుతాయి, పాతవాటికి అది అర్థం కాదు. అక్కడ మళ్లీ వంటే.

పదిహేను మీటర్ల తీగ

హాల్లో ఈలోగా సలహాలు మొదలయ్యాయి. "పెన్‌డ్రైవ్‌లో వేసి దానికే గుచ్చరాదూ" అన్నాడు బాబాయి. మంచి సలహానే, కానీ కుదరదు. ప్లేస్టేషన్ 3 చదివేది ఎఫ్ఏటీ32 పద్ధతిలో ఉన్న డ్రైవ్‌లనే. ఆ పద్ధతిలో ఫైల్ పరిమాణాన్ని 32 బిట్ల సంఖ్యతో రాస్తారు, కాబట్టి ఒక ఫైల్ 4 గిగాబైట్లు దాటడానికి వీల్లేదు. పెళ్లి పదకొండు. మూడు ముక్కలుగా కోయాలి.

కుర్రాడికి మొదట తట్టింది చిన్న పనే. రూటర్ హాల్లోనే, టీవీ పక్కనే ఉంది. డబ్బాలో పడి ఉన్న రెండడుగుల ల్యాన్ తీగతో రూటర్‌ను, కన్సోల్‌ను కలిపాడు. దాంతో గాలిలో రెండు ప్రయాణాల్లో ఒకటి తగ్గింది, పది మెగాబిట్లు ఇరవైకి దగ్గరయ్యాయి. తలంబ్రాలు ఈసారి ఇంకొంచెం ముందుకు సాగి, అక్షతల దగ్గర మళ్లీ ఆగాయి. పడకగది గోడ, బీరువా, చుట్టాలు, ఫోన్లు అలాగే ఉన్నాయి మరి.

బాబాయి స్కూటర్ మీద వెళ్లి పదిహేను మీటర్ల తీగ తెచ్చాడు. లోపల ఎనిమిది సన్నని రాగి తీగలు, రెండేసి చొప్పున జడ అల్లినట్టు మెలివేసి ఉంటాయి. జతలోని రెండు తీగల్లో సంకేతం ఒకదానికొకటి వ్యతిరేకంగా నడుస్తుంది. బయటి నుంచి వచ్చే చప్పుడు రెండిటి మీదా సమానంగా పడుతుంది. చివర తేడా తీసుకుంటే చప్పుడు కొట్టుకుపోయి సంకేతం మిగులుతుంది. సాధారణ రూటర్‌లో కూడా దీని మీద సెకనుకు 100 మెగాబిట్లు, వెళ్లేవి వెళ్తుంటే వచ్చేవి వస్తూ, ఎవరూ ఎవరి కోసమూ ఆగకుండా నడుస్తాయి. తీగ మధ్యలో ముప్పై మంది కూర్చున్నా దానికి పట్టదు.

గుమ్మం అంచు వెంట తీగ పరిచి, పిల్లలు తన్నకుండా మీద టేపు అతికించారు. కుర్రాడు వీడియోను మాంగల్యధారణ దాకా వెనక్కి జరిపి వదిలాడు. దోసిళ్లు లేచాయి, గింజలు జలజలా రాలాయి, పెళ్లికొడుకు చెవి మీద ఒకటి అతుక్కోవడం కూడా కనిపించింది. ఎక్కడా ఆగలేదు.

"అయ్యో, అప్పుడే అయిపోయిందా" అంది అమ్మమ్మ. "ఇంకోసారి వెయ్యరా."